అక్వేరియంలో యూవీ దీపం: నీటిని తేటపరుస్తుంది, జబ్బును నయం చేయదు

గాజుతొట్టెలో అలంకార చేపలను పెంచేవారికి రెండు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. నీరు ఉన్నట్టుండి పచ్చబడి, లోపలి చేపలు కంటికి ఆనకుండా పోవడం మొదటిది. కొత్తగా తెచ్చిన చేపతోపాటు వచ్చిన జబ్బు తొట్టె అంతటా పాకి, చేపలు ఒకటొకటిగా చనిపోవడం రెండవది. ఈ రెండింటికీ విరుగుడుగా యూవీ స్టెరిలైజర్ అనే పరికరం విక్రయమవుతున్నది. మొదటి చిక్కును అది దాదాపుగా తీర్చగలదు. రెండవదానిలో దాని శక్తి పరిమితం. ఈ తేడా తెలియనివారు దీపం వెలుగుతున్నది గదా అన్న ధీమాతో వైద్యాన్ని ఆలస్యం చేసి, చేపలను పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

కిరణం చేసే పని

అతినీలలోహిత కిరణాలలో 280 నానోమీటర్లకంటె తక్కువ తరంగదైర్ఘ్యం గల భాగాన్ని యూవీ-సి అంటారు. సూర్యకాంతిలోని ఈ భాగాన్ని పై వాతావరణమే అడ్డుకొంటుంది కనుక అది నేలను చేరదు. స్టెరిలైజర్‌లోని పాదరస దీపం దీనిని 254 నానోమీటర్ల వద్ద వెలువరిస్తుంది. ఈ కిరణం సోకినప్పుడు సూక్ష్మజీవి డీఎన్ఏ గొలుసులో పక్కపక్కనున్న థైమిన్ అనే భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా ముడిపడిన గొలుసుకు కణం సరైన నకలు తీసుకోలేదు. అందుచేత ఆ జీవి వెంటనే చావకపోయినా సంతతిని పెంచుకోలేదు.

ఈ విద్య కొత్తది కాదు. సూర్యకాంతి బాక్టీరియా పెరుగుదలను అణచివేస్తుందని డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1877లోనే చూపారు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో 1910లో తాగునీటి శుద్ధికి ఈ కిరణాలను వినియోగించారు. నేడు ఆంధ్రప్రదేశ్ తీరంలోని రొయ్యపిల్లల హేచరీలలో సముద్రజలాన్ని శుద్ధిచేసే అంచెలలో యూవీ ఒకటి. వంటింటి వాటర్ ప్యూరిఫయర్‌లోనూ ఇదే కిరణం పనిచేస్తుంది.

ప్యూరిఫయర్ వేరు, చేపలతొట్టె వేరు

ప్యూరిఫయర్‌తో పోలిక ఒక హద్దు వరకే చెల్లుతుంది. అక్కడ నీరు ఒకవైపు నుంచి వచ్చి, దీపాన్ని దాటి, గ్లాసులోకి చేరుతుంది. మళ్లీ వెనుకకు పోదు. అక్వేరియంలో అలా కాదు. శుద్ధి అయిన నీరు శుద్ధి కాని నీటిలోనే తిరిగి కలుస్తుంది. ఆ నీటిలో చేపలు, వాటి మలం, మిగిలిన మేత, గులకరాళ్ల మీది జిగట పొర నిరంతరం కొత్త సూక్ష్మజీవులను చేరుస్తూనే ఉంటాయి. కనుక ఈ పరికరం తొట్టెను క్రిమిరహితం చేయలేదు. నీటిలో తేలియాడే వాటి సంఖ్యను తగ్గించగలదు, అంతే.

ఒక లెక్క చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. 100 లీటర్ల తొట్టెలో గంటకు 100 లీటర్ల చొప్పున నీరు దీపం ముందునుంచి సాగుతున్నదనుకొందాం. గంట గడిచేసరికి నీరంతా శుద్ధి అయిందని తోస్తుంది గాని, అది నిజం కాదు. తొట్టె నీరు ఎప్పటికప్పుడు కలిసిపోతున్నందువల్ల కొంత నీరు రెండుమూడుసార్లు దీపాన్ని దాటుతుంది, కొంత ఒక్కసారీ దాటదు. మొదటి గంటలో దీపాన్ని ఒక్కసారైనా దాటే నీరు సుమారు 63 శాతం. రెండు గంటలకు 86 శాతం. మూడు గంటలకు 95 శాతం. దీపాన్ని రోజుకు కాసేపు వెలిగించి ఆపివేస్తే ఫలితం నిలవదు. ఆపిన వేళలో మిగిలిన కణాలు తిరిగి పెరుగుతాయి.

పచ్చనీటికి సరైన విరుగుడు

నీటిలో తేలియాడే ఏకకణ నాచు విపరీతంగా పెరగడమే పచ్చనీటికి కారణం. ఈ కణాలు చాలా చిన్నవి. మామూలు స్పాంజి ఫిల్టర్‌లోనుంచి జారిపోతాయి. నీరు మార్చినా మిగిలినవి కొద్దిరోజులలో మళ్లీ అలుముకొంటాయి. అవి నీటితోపాటు కదులుతాయి కనుక దీపం ముందుకు రాకతప్పదు. సరైన పరిమాణం గల స్టెరిలైజర్ ఎడతెగక నడిస్తే కొద్దిరోజులలో నీరు తేటపడుతుంది.

అయితే చచ్చిన నాచు ఎక్కడికీ పోదు. అది కుళ్లి అమ్మోనియాగా మారుతుంది, నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. అందుచేత ఈ రోజులలో గాలిపంపును ఆపకూడదు. ఫిల్టర్ స్పాంజిని తరచుగా కడగాలి. కొళాయి నీటిలోని క్లోరిన్ ఫిల్టర్‌లోని మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది కనుక తొట్టెనుంచి తీసిన నీటితోనే కడగడం మంచిది. నాలుగోవంతు నీటిని మార్చడం కూడా మేలు చేస్తుంది. కిటికీలోంచి పడే ఎండ, అతిగా వేసే మేత, తొట్టెకు మించిన చేపలు అలాగే ఉంటే, దీపం ఆపిన మరుసటి వారానికే పచ్చదనం తిరిగి రావచ్చు. గాజుకు, రాళ్లకు అంటుకొన్న నాచుపై ఈ కిరణం పడదు. దానిని చేత్తో గీకి తీయవలసిందే.

తెల్లచుక్కల జబ్బు విషయంలో

రొయ్యల చెరువులలో తెల్లమచ్చల వ్యాధికి కారణం వైరస్. అలంకార చేపల ఒంటిమీద ఉప్పుకళ్లవలె కనిపించే తెల్లచుక్కల జబ్బు వేరు. అది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవివల్ల వస్తుంది. దాని జీవితచక్రంలో మూడు దశలు ఉన్నాయి. మొదట అది చేప చర్మపు పైపొర కింద దాగి తింటుంది. పెరిగాక రాలి, తొట్టె అడుగున గూడు కట్టుకొని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు నీటిలో ఈదుతూ మరొక చేపను వెదకుతాయి. వెచ్చని నీటిలో ఈ చక్రమంతా వారం లోపే పూర్తికావచ్చు.

ఈ మూడింటిలో యూవీకి చిక్కేది మూడవ దశ ఒక్కటే. చర్మం కింద ఉన్నదానినిగాని, అడుగున గూటిలో ఉన్నదానినిగాని కిరణం తాకదు. ఈదే పిల్లలు సైతం నాచు కణాలకంటె మొండివి. వాటికి చాలా ఎక్కువ మోతాదు కావాలి. పైగా అవి పంపును చేరేలోగా పక్కనే ఉన్న చేపను చేరవచ్చు. కాబట్టి చుక్కలు కనిపించిన నాడే మందు మొదలుపెట్టాలి. మందు వేసిన రోజులలో స్టెరిలైజర్‌ను ఆపివేయాలి. మిథిలిన్ బ్లూ, మాలకైట్ గ్రీన్ వంటి రంగుమందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ కిరణానికి విరిగిపోయి శక్తి కోల్పోతాయి. మొక్కల తొట్టెలలో వాడే ద్రవరూప ఇనుము ఎరువుకూ ఇదే గతి పడుతుంది.

జబ్బు రాకుండా ఆపడంలో యూవీ తోడ్పడగలదు గాని, కొత్త చేపను రెండుమూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించడానికి అది బదులు కాదు.

మోతాదు, వేగం, వయస్సు

కిరణం తీవ్రతను అది తగిలిన కాలంతో గుణిస్తే వచ్చేదే మోతాదు. నీటి వేగం రెట్టింపైతే మోతాదు సగమవుతుంది. మరీ నెమ్మదిగా పోనిస్తే ప్రతి చుక్కకూ మోతాదు చక్కగా అందుతుంది గాని, దీపాన్ని దాటే నీరు తగ్గిపోతుంది. నాచుకు ఒక వేగం, పరాన్నజీవులకు దానికంటె తక్కువ వేగం సరిపడతాయి. పరికరంతో వచ్చే సూచనలలో ఈ వివరాలను చూసి పంపును ఎంచుకోవాలి. ఫిల్టర్ దాటిన నీటినే దీపంలోకి పంపాలి. మడ్డినీటిలో కిరణం దూరం పోలేదు. కర్రదుంగల రసం దిగి టీ రంగు తేలిన నీరు కూడా కిరణాన్ని మింగేస్తుంది.

దీపం చుట్టూ ఉండే గొట్టం క్వార్ట్జ్‌తో చేసినది. మామూలు గాజు యూవీ-సిని సాగనివ్వదు కనుక గొట్టం పగిలితే దాని స్థానంలో మామూలు గాజుగొట్టం పనికిరాదు. దానిమీద పేరుకొనే సున్నపు పొరను నెలకొకసారి తుడవాలి. సాధారణ దీపాల ఆయువు 8000 నుంచి 9000 గంటలు. రేయింబవళ్లు వెలిగితే సంవత్సరంలో 8760 గంటలు గడుస్తాయి. ఆ తర్వాత కూడా నీలికాంతి కనిపిస్తూనే ఉంటుంది గాని, పనిచేసే కిరణం సన్నగిల్లుతుంది. ఏడాదికొకసారి దీపాన్ని మార్చడం అందుకే అవసరం. 9 వాట్ల దీపానికి ఏటా అయ్యే కరెంటు సుమారు 79 యూనిట్లు. దీపం నీటిని కొంత వేడి చేస్తుంది కనుక ఎండాకాలంలో ఉష్ణోగ్రతను గమనిస్తుండాలి.

మేలుచేసే బాక్టీరియా మాటేమిటి?

అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను ఈ దీపం చంపుతుందన్న భయం చాలామందిలో ఉంది. అవి ప్రధానంగా ఫిల్టర్ స్పాంజికి, గులకరాళ్లకు అంటుకొని జీవిస్తాయి. నీటిలో తేలేవి తక్కువ. అందుచేత కుదుటపడిన తొట్టెకు నష్టం లేదు. సీసాలో దొరికే బాక్టీరియాను కొత్త తొట్టెలో పోసినప్పుడు మాత్రం కొన్నిరోజులు దీపాన్ని ఆపాలి. అమ్మోనియాను, నైట్రేట్‌ను తొలగించే శక్తి ఈ పరికరానికి లేదు.

కంటికి, చేతికి జాగ్రత్త

వెలుగుతున్న దీపాన్ని నేరుగా చూడరాదు. నొప్పి అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. రక్షణ లేకుండా వెల్డింగు చేసినవారికి కలిగే బాధ ఇటువంటిదే. చర్మం కూడా కములుతుంది. తొడుగు లేని దీపాన్ని తొట్టెలో నేరుగా వేలాడదీస్తే ఇంటివారికీ, చేపలకూ హాని. దీపం పూర్తిగా మూతలో ఉండే పరికరాన్నే కొనాలి. ప్లగ్గు తీసిన తర్వాతే విప్పాలి. వైరు ప్లగ్గుకంటె కిందికి వంగి పైకి వచ్చేట్లు అమర్చితే, దానివెంట జారిన నీరు సాకెట్‌ను చేరదు. ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉన్న లైనుకే కలపడం క్షేమం.

పచ్చనీరు పదేపదే వేధించే తొట్టెలకు, ఖరీదైన చేపలు గల పెద్ద తొట్టెలకు ఈ పరికరం పెట్టుబడికి తగినదే. పది చేపలున్న చిన్న తొట్టెకు ముందుగా కావలసినవి మితమైన మేత, మంచి ఫిల్టర్, క్రమం తప్పని నీటి మార్పిడి. కాలం చెల్లిన దీపంలో పాదరసం ఉంటుంది కనుక దానిని పగలగొట్టకుండా, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి.