తాళపుచెవుల గుత్తి – జహీర్ రైహాన్ జీవితం

నియంతృత్వము ఎట్టిదో చెప్పుటకు జహీర్ రైహాన్ సింహాసనమును చూపలేదు, సైన్యమును చూపలేదు. ఒక మధ్యతరగతి ఇంటిని చూపినారు. ఆ ఇంటి తాళపుచెవుల గుత్తి ఒక ఆడబడుచు చేతిలో ఉంటుంది. భర్త పాట పాడుకొనుటకు కూడా వీలులేదు, తమ్ముళ్లు నోరెత్తరు. కోడళ్లు అడుగుపెట్టిన తరువాత ఆ గుత్తి కొరకే ఇల్లు రణరంగమవుతుంది. 1970లో వెలువడిన ఈ చిత్రము పేరు ‘జీబన్ థేకే నేయా’, అనగా ‘జీవితము నుండి గ్రహించినది’. ఆ ఇల్లు పాకిస్తాన్ అనియు, ఆ గుత్తి సైనిక పాలకుల అధికారమనియు తూర్పు బెంగాలు ప్రేక్షకులకు వేరే చెప్పవలసిన పని లేకపోయినది.

రైహాన్ 1935 ఆగస్టు 19న నేటి బంగ్లాదేశ్‌లోని ఫేనీ ప్రాంతములో జన్మించినారు. బాల్యము కలకత్తాలో గడచినది. 1947 దేశవిభజన తరువాత కుటుంబము స్వస్థలమునకు మరలినది. ఉర్దూ ఒక్కటే రాజభాష కావలెనను నిర్ణయమును బెంగాలీలు ప్రతిఘటించినారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు పదిమంది చొప్పున జట్లుగా నిషేధాజ్ఞలను ధిక్కరించినారు. ఆ తొలి జట్టులో నడచి, నిర్బంధింపబడిన వారిలో పదహారేండ్ల రైహాన్ ఒకరు. ఆనాటి తుపాకి కాల్పులలో పలువురు ప్రాణములర్పించినారు.

ఆ అనుభవమే ఆయన రచనకు పునాది అయినది. ‘ఆరేక్ ఫాల్గున్’, అనగా ‘మరొక ఫాల్గుణము’, 1955లో ఆ అమరవీరుల దినమును జరుపుకొనుటకు పూనుకొన్న విద్యార్థుల నవల. వచ్చిపడుచున్న ఖైదీలందరికీ చెరసాలలో చోటెక్కడిదని అధికారులు కలవరపడుటతో అది ముగుస్తుంది. ‘హాజార్ బఛర్ ధరే’ అను మరొక నవల పల్లెజీవితమును చిత్రించి, ఆదంజీ సాహిత్య పురస్కారమును పొందినది.

సినిమారంగమున ఆయన ‘జాగో హువా సవేరా’ చిత్రమునకు సహాయకుడుగా పని నేర్చినారు. 1961లో స్వయముగా దర్శకత్వము చేపట్టినారు. 1964లో పాకిస్తాన్ తొలి పూర్తినిడివి వర్ణచిత్రము ‘సంగం’ను నిర్మించినారు. 1966లో జానపద గాథ ‘బేహులా’ను తెరకెక్కించినారు. ‘జీబన్ థేకే నేయా’ విడుదలను ప్రభుత్వము ఆపజూచినది. ప్రజల ఒత్తిడికి లొంగక తప్పలేదు. రవీంద్రుని ‘ఆమార్ సోనార్ బాంగ్లా’ గీతము, జాతీయగీతము కాకమునుపే ఆ చిత్రములో వినిపించినది.

1971 మార్చి 25 రాత్రి ఢాకాపై సైన్యము విరుచుకుపడినది. రైహాన్ కలకత్తా చేరినారు. చేతిలో పైకము లేని ఆ దినములలో కూడా, అచట ప్రదర్శింపబడిన తన చిత్రము రాబడిని విమోచనోద్యమ నిధికే సమర్పించినారు. శరణార్థుల బాధలను, సైన్యము సాగించిన సంహారమును లోకమునకు చాటుచు ‘స్టాప్ జెనోసైడ్’ తీసినారు. ఇరువది నిమిషముల ఆ చిన్న చిత్రము విమోచన పోరాటమునకు సాక్ష్యపత్రముగా నిలిచినది.

డిసెంబరు 16న విజయము లభించినది. కాని దానికి రెండు దినముల ముందే, ఆయన అన్నగారు, నవలాకారుడు షహీదుల్లా కైజర్‌ను పాకిస్తాన్ సైన్యపు తొత్తులు ఇంటినుండి కొనిపోయినారు. ఆయన జాడ తెలియలేదు. 1972 జనవరి 30న అన్నను వెదకుటకై రైహాన్ ఢాకా శివారులోని మీర్‌పూర్‌కు వెళ్లినారు. ఆ ప్రాంతము అప్పటికింకను సాయుధులైన శత్రువర్గీయుల గుప్పిటనే ఉన్నది. రైహాన్ తిరిగి రాలేదు. దేహము కూడా లభింపలేదు. ఆయన వయస్సు ముప్పదియారు. దేశము స్వతంత్రమై నలుబదియైదు దినములు మాత్రమే గడచినవి.

పదహారేండ్ల బాలుడు నిషేధమును దాటి నడచిన ఫిబ్రవరి 21ని, 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినముగా ప్రకటించినది. పాఠశాలలలో ఏటేట ఆ దినము జరుగుచున్నది. దానికి మూల్యము చెల్లించినవారిలో, దానిని నవలగా వ్రాసి, చిత్రముగా తీసి, చివరకు సమాధియైనను లేక మిగిలిన ఈ రచయితను కూడా మన విద్యార్థులు ఎరుగవలెను.