ఇంటి కప్పు - ఎండ వేడిమి

అనకాపల్లి సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. ఏటా మే 10వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నవేళ సూర్యుడు ఈ పట్టణమునకు సరిగా నడినెత్తిన ఉండును. అప్పుడు ఎండ ఎక్కువగా తగులునది గోడలకు కాదు, ఇంటి కప్పునకు. మిద్దెపైనను, సిమెంటు రేకుల ఇంటిపైనను పడు ఎండ ఒక్కటే; లోనికి దిగు వేడి మాత్రము ఒక్కటి కాదు.

మబ్బులేని మధ్యాహ్నము చదరపు మీటరునకు సుమారు 1,000 వాట్ల సౌరశక్తి వచ్చును. 20 చదరపు మీటర్ల కప్పుపై పడునది 20 కిలోవాట్లు. నల్లబడిన పాతరేకు అందులో నాలుగవ వంతును పరావర్తనము చేయుననుకొందము; మిగిలిన 15 కిలోవాట్లను అది గ్రహించును. తెల్లసున్నము వేసి నూటికి 80 పాళ్లు పరావర్తనము చేయించినచో గ్రహించునది 4 కిలోవాట్లే. గ్రహించిన వేడిలో కొంత బయటి గాలిలోనికి పోయినను, రేకు పలుచన గనుక తక్కినది త్వరగా లోనికి దిగును. కాగిన రేకు నుండి పరారుణ కిరణములు నేరుగా ఒంటిపై పడును. పంకా గాలిని కదల్చునే గాని ఈ కిరణములను ఆపలేదు. సముద్రము దూరము కాదు గనుక గాలిలో తేమ హెచ్చు. చెమట త్వరగా ఆరదు.

కలవారు ఏ.సి. పెట్టుకొందురు. ఆ యంత్రము వేడిని నశింపజేయదు. గది వేడికి తాను వాడిన విద్యుత్తు వేడిని చేర్చి వీధిలోనికి త్రోయును. రాత్రి నిద్రలేని కూలివాడు మరునాడు బెల్లపు దిమ్మలు మోయలేడు. ఆనాటి కూలి పోవును. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించిరి.

2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 పేదల ఇండ్లపై తెల్లని పాలిథిలీను పొర పరచి చూచిరి. లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గెను. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. 600 చదరపు గజములకు తక్కువ స్థలములోని సొంత ఇండ్లకు అది ఐచ్ఛికము. డబ్బు లేనిచోట ఐచ్ఛికమైన పని తరచు జరుగదు. అహమ్మదాబాదులో మహిళా హౌసింగ్ ట్రస్టు పేదవాడల స్త్రీలను సంఘములుగా కూర్చి ఇట్టి పని చేయించినది. మన పట్టణములలోని స్వయం సహాయక సంఘములును దీనికి తగినవే.

సున్నము వానకు కొట్టుకొనిపోవును గనుక ఏటా వేసవికి ముందు మరల వేయవలెను. వీధి అంతయు ఒకేసారి పూనుకొన్నచో సున్నము, నిచ్చెన, కూలి ఖర్చులు తగ్గును. అద్దె ఇండ్లలో ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకొనవలెను. సిమెంటు రేకుపై కాలు మోపరాదు, విరుగును. పాతరేకులలో ఆస్బెస్టాసు ఉండును. గీకినచో లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము.

విద్యార్థులు రెండు సమానమైన రేకు డబ్బాలు తీసికొని, ఒకదానికి సున్నము వేసి, రెండవదానికి నల్లరంగు పూసి, లోపల ఉష్ణమాపకములుంచి ఎండలో పెట్టవలెను. గంట గంటకు అంకెలు వ్రాసికొని, ఆ పట్టికను తమ వీధివారికి చూపవలెను. తెల్లకప్పు ఒక్కటే చాలదు. త్రాగునీరు, చెట్టునీడ, మధ్యాహ్నపు విరామము కూడ కావలెను. అయినను తక్కువ ఖర్చుతో, ఈ వేసవికే చేయదగిన పని ఇది.