బస్తీకి ఏటా రూ.5 వేలు.. అడిగేవారేరీ?

డోంగ్లి (బాన్సువాడ): ఉపాధి కోసం ఇక్కడి పల్లెల నుంచి నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో తరలివెళ్లే కుటుంబం మొదట వెదికేది తక్కువ అద్దె గది. అది దొరికేది ఎక్కువగా మురుగు కాలువల పక్కన, ఇరుకు సందుల్లోనే. ఊళ్లో ఉన్నప్పుడు గడపకు వచ్చి పలకరించే ఆశ కార్యకర్త అక్కడ ఎవరో తెలియదు. పసిబిడ్డకు టీకా గడువు దాటిపోతుంది. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ఆటోకు చేతిలో డబ్బుండదు. ఇటువంటి అవసరాలకే పట్టణ బస్తీల్లోని మహిళా ఆరోగ్య సమితులకు ఏటా రూ.5 వేల చొప్పున నిధి కేటాయించే ఏర్పాటు ఉంది. వలస వెళ్లే వారిలో ఆ సంగతి ఎరిగినవారు బహు తక్కువ.

కేంద్ర మంత్రివర్గం 2013 మే నెలలో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్‌కు ఇది తోడు. మురికివాడల వాసులు, వలస కూలీలు, నిరాశ్రయులు, భవన నిర్మాణ కార్మికులు, రిక్షా కార్మికులకు ఇందులో ప్రాధాన్యమిచ్చారు. సుమారు 50 వేల మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని కింద ఆశ కార్యకర్తలు, వారి వెన్నంటి 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి.. ఇదీ అమరిక. సమితిలో పది, పన్నెండు మంది స్థానిక మహిళలుంటారు. ఇప్పటికే నడుస్తున్న స్వయం సహాయక సంఘాలనూ ఇందుకు వాడుకోవచ్చు.

ఖర్చు ఎవరి చేతిలో?

ఈ సొమ్ము ఫలానా పనికే వాడాలన్న కట్టడి లేదు. ఏం చేయాలో సమితి సమావేశంలో మహిళలే తీర్మానించుకోవాలి. అధ్యక్షురాలు, సభ్య కార్యదర్శిగా ఉండే ఆశ కార్యకర్త పేరిట ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉంటుంది. ఒక్క ఇంటికి కాక పలువురికి మేలు చేసే పనులకే మొదటి స్థానం. అయితే దిక్కులేని మహిళకు, నిరుపేద కుటుంబానికి వైద్యావసరం వచ్చిపడితే ఆదుకోవచ్చు. 108 వాహనం ఉచితమే. కానీ అది సందులోకి రాలేనప్పుడు ఆటో కిరాయి ఎవరివ్వాలి? ఆ ప్రశ్నకు ఈ నిధి ఒక జవాబు.

తాగునీటి సంగతే చూడండి. కుళాయి గొట్టంలోకి మురుగు చేరిందన్న అనుమానం వస్తే హెచ్2ఎస్ పరీక్ష సీసాలో నీళ్లు నింపి ఒకటి, రెండు రోజులు ఉంచితే చాలు. నీళ్లు నల్లబడితే కలుషితమైనట్లే. నాలుగైదు సీసాలు, కొన్ని క్లోరిన్ బిళ్లలు కొనడానికి లక్షలు అక్కర్లేదు. నల్లబడిన సీసాను పురపాలక అధికారి బల్లపై పెడితే ఆ ఫిర్యాదుకు వచ్చే బరువు వేరు. కాలువ పూడిక తీయించడం, గొట్టాలు మార్చడం మాత్రం పురపాలక సంఘం బాధ్యత. అక్కడ బడ్జెట్ ఉన్న పనులకు మహిళల సొమ్ము మళ్లించడం తగదు. కాలువ పనికి సమితి డబ్బు అడిగేవారు కనిపిస్తే ఈ మాట గుర్తు చేయాలి.

మనిషికి పది రూపాయలు

వంద ఇళ్లు, ఇంటికి అయిదుగురు అనుకుంటే ఏడాదికి మనిషికి వచ్చేది పది రూపాయలు. నెలకు లెక్కిస్తే సమితికి దక్కేది రూ.420 కూడా లేదు. ఇంత చిన్న మొత్తానికీ తీర్మానం, రసీదులు, వినియోగ పత్రం తప్పనిసరి. లెక్కలు రాసేందుకు భయపడి ఖాతాను ముట్టుకోకుంటే నష్టం బస్తీకే. హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాక వైద్యుడు కొంత చేరువయ్యాడు. కానీ జ్వరం వచ్చాక చూసే వైద్యుడు వేరు, దోమ పుట్టకముందే నీటి తొట్టెలు బోర్లించే ఇరుగుపొరుగు వేరు.

పట్టణ మిషన్ 50 వేలు దాటిన పట్టణాలకు, 30 వేలు దాటిన జిల్లా కేంద్రాలకే పరిమితం. అంతకంటే చిన్న పట్టణాలు గ్రామీణ మిషన్ కిందే ఉంటాయి. మద్నూర్ నుంచి విడివడి 2022లో మండలమైన డోంగ్లి సరేసరి. పల్లెల్లో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా రూ.10 వేలు నిర్దేశించారు. గ్రామసభలో దాని లెక్క అడిగే అలవాటున్న ఇల్లాలు బస్తీలోనూ అడగగలుగుతుంది.

ఊరు విడిచే కుటుంబం తల్లీబిడ్డల ఆరోగ్య కార్డును మూటలో భద్రపరచుకోవాలి. బస్తీలో దిగిన వారంలోపే సమీప పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, తమ వీధి ఆశ కార్యకర్త ఎవరో, సమితి సమావేశం ఏ రోజో తెలుసుకోవాలి. టీకాల వివరాలకు ఏఎన్ఎం అడిగేది ఆ కార్డునే.