మద్దిపట్ట - మన గుండె

బాలకృష్ణుడు రోలీడ్చుకొనిపోయి కూల్చిన జంటచెట్లు మద్దిచెట్లని భాగవతము చదివిన మనకందరకును తెలిసినదే. మద్దికి సంస్కృతమున అర్జునమని పేరు. తెల్లమద్ది పట్టను వాగ్భటుడు హృద్రోగమునకు చెప్పెను. దానిని పాలలో కాచి యిచ్చు ఆచారము నేటికిని కలదు.

మొన్న జహీరాబాదులో మా పొరుగింటి పెద్దమ్మగారు గుండెకు వైద్యుడిచ్చిన మాత్రలు మానివేసి, ఈ కషాయమునే త్రాగుచున్నట్లు తెలిసెను. ఏలయని యడుగగా, "ఎలుకలమీద చూసి మంచిదని చెప్పిన్రట గదమ్మా!" అనిరి. ఆ పరీక్ష యెట్టిదో మనము తెలిసికొనవలెను.

అట్టి పరీక్షలలో నొకదానిని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు 2001లో ప్రకటించిరి. 120 మొదలు 150 గ్రాముల తూకముగల ఎలుకలకు పట్టచూర్ణమును వారమునకు 6 దినముల చొప్పున 12 వారములు నోటిద్వారా ఇచ్చిరి. పిదప వానిని చంపి గుండెలను వెలికితీసి, వానిలో పోషకద్రవమును ప్రవహింపజేసి, కొంతసేపాపి, మరల విడిచిరి. గుండెపోటునందు కలుగు హానికి ఇది నమూనా. ఆగిన ప్రవాహము తిరిగి వచ్చునపుడు ఆక్సిజను తీవ్రరూపములు దాల్చి కండరమును చెరచును. పట్ట తిన్న ఎలుకల గుండెలలో దానిని వారించు సహజ రక్షకపదార్థములు వృద్ధినొందెను, హానియు తగ్గెను.

ఫలితము మంచిదే. కాని యొక సంగతి గమనింపుడు. అచ్చట ముందు పట్టనిచ్చి, తరువాత హానిని కలిగించిరి. ఆ ఎలుకలు ఆరోగ్యముగలవి. పెద్దమ్మగారి గుండెయో, ఇదివరకే జబ్బుపడియున్నది. మరియు, ఎలుకల కిచ్చిన మోతాదులలో నొకటి కిలో తూకమునకు 500 మిల్లీగ్రాములు. ఆ లెక్కను 60 కిలోల స్త్రీకి గుణించిన 30 గ్రాములగును! మందు నరిగించుకొను తీరు ఎలుకకు వేరు, మనకు వేరు గనుక అట్లు గుణింపరాదు. ఎలుకల పరీక్ష "మనుష్యులయందు పరీక్షింపదగినది" అని మాత్రమే చెప్పును. "మాత్రలు మానుడు" అని చెప్పదు.

మనుష్యులయందును పరీక్షలు జరిగినవి. గుండె మిక్కిలి బలహీనమైన 12 మంది రోగులకు పట్టసారము నిచ్చి చూచిన ఫలితములు 1995లో వెలువడినవి. వారికి మేలు కనబడెను. అయినను, అచ్చట పట్టను వైద్యుల మందులకు తోడుగా నిచ్చిరే కాని, బదులుగా నీయలేదు.

ఈ మాటలు విని పెద్దమ్మగారు మరునాడే కుమారుని వెంట వైద్యునికడకు పోయిరి. ఆయన మాత్రలను మరల మొదలుపెట్టించి, తనకు చెప్పక పట్టకషాయము త్రాగవద్దనెను. మీ యింట నెవరైనను దానిని త్రాగుచున్నయెడల, అమ్మలారా, వైద్యునికడ దాచకుడు. మాత్రలను మీ యంత మీరు మాననీయకుడు.