ఒకే కయ్యలో మేతా, గింజా!
పూతలో కోస్తేనే ఆవుకు బలం.. పది సెంట్లు విడిస్తేనే విత్తనం

అత్తిమంజేరిపేట: సంక్రాంతి ముందూ వెనకా సాంబా వరి కోతలు అయిపోతాయి. ఆ తర్వాత గెనాల మీద పచ్చిక కూడా దొరకదు. పశువుకు వరిగడ్డే గతి. అందులో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్ళే. కడుపు నిండుతుంది గానీ పాలు దిగవు. తవుడు, చెక్క కొంటే పాల డబ్బు వాటికే సరి.

ఈ లోటు తీర్చేవి అలసంద, పిల్లిపెసర. కోస్తాలో వరి కోతకు కొన్నాళ్ళ ముందే నిలువు పైరులో పిల్లిపెసర చల్లడం పాత అలవాటు. మడిలో మిగిలిన తేమతోనే అది ఎదుగుతుంది. బోరు నీళ్ళున్నవారు అలసంద వేసుకోవచ్చు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం మేత కోసమే ఇచ్చిన కో-5 రకం 50-55 రోజులకు కోతకొస్తుంది.

అంగట్లో అడిగేటప్పుడు పేర్లతో జాగ్రత్త. 1960లో ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, విత్తనాల సంచి మీద తమిళం. మన అలసంద అక్కడ కారామణి, తట్టప్పయిరు. పిల్లిపెసర నరిప్పయిరు. ఇటు పిల్లి, అటు నక్క!

రెండూ కావాలంటే..

చిక్కల్లా ఇక్కడే. గింజ ముదిరే దాకా ఆగితే ఆకు రాలి, కాడ పీచుబారి పుల్లలే మిగులుతాయి. పూతలో మొత్తం కోసేస్తే మేత బంగారమే, వచ్చే ఏడు విత్తనానికి మళ్ళీ అంగడే. అందుకే విత్తేటప్పుడే కయ్యను విడదీసుకోవాలి. ఎకరా అలసందకు 16 కిలోల దాకా గింజలు పడతాయి. పైరు బాగుంటే పది సెంట్లలో అవి రాలతాయి. మిగతాదంతా మేతకే.

సగం మొక్కలు పూసినప్పుడు మేత కోయాలి. బలమంతా ఆకులోనే. మండుటెండలో పరిచి వదిలేస్తే ఆకు పెళుసెక్కి నేలపాలవుతుంది. ఒక పూట వాడనిచ్చి, మూడు కర్రలు నిలిపి వాటి మీద గాలాడేలా వేస్తే రంగు చెడదు. తిరగేయాలంటే పొద్దున్నే, మంచు పదును ఉండగానే. కాడ మెలిపెడితే నీరు ఊరకూడదు. పచ్చిగా వామి వేస్తే లోపల కాగి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పే అంటుకుంటుంది. అక్టోబరు-డిసెంబరు వానల్లో ఇది అయ్యే పని కాదు. సాంబా తర్వాత వేస్తే మార్చి ఎండ కలిసొస్తుంది.

గింజకు వదిలిన చోట ఆకుల మీద పసుపు మచ్చలు, ముడతలు కనిపిస్తే ఆ మొక్కను పీకేయాలి. మొజాయిక్ తెగులు గింజతోనే మరుసటి ఏటికి పాకుతుంది. వేరే అలసంద రకానికి 5 నుంచి 10 మీటర్ల ఎడం చాలు. కాయలు ఒక్కసారిగా పండవు, రెండు మూడు సార్లు ఏరుకోవాలి. పిల్లిపెసర కాయ ఎండకు చిట్లుతుంది కాబట్టి ఏరడం ఉదయాన్నే. పుచ్చు పురుగు పొలంలోనే గుడ్డు పెట్టి గింజతో ఇంటికొస్తుంది. గింజ పంటి కింద పటుక్కుమనే దాకా ఎండబెట్టి, బూడిద కలిపి, మూత బిగించిన డబ్బాలో పోయాలి. రకాల గురించి తిరూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. విత్తనం ముందే సిద్ధం చేసుకోవాలి, వరి కోశాక వెదికితే మడి తేమ ఆగదు.