పది గంటలకు పూసే వరి

నడిగూడెం దగ్గర ఎడమ కాల్వ కింది పొలానికి, సన్నాలు ఈనే రోజుల్లో, పొద్దున పదింటికి వెళ్లి చూడండి. నిన్న సాయంత్రం మూతి బిగించుకుని ఉన్న గింజల్లో కొన్ని నోరు తెరిచి ఉంటాయి. సన్నటి దారాలకు కట్టినట్టు లేత పసుపు సుంకు బయటికి వేలాడుతుంది. ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది మహా అయితే గంటసేపు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మళ్లీ మూసుకుంటుంది. పూత మీదున్న వరికి పొద్దుపూట మందు కొట్టొద్దని చెప్పేది ఇందుకే. ఆ గంటలో పుప్పొడి చెడితే మిగిలేవి తాలు గింజలు.

తెరుచుకునే ముందే ఒక పువ్వును గోటితో విప్పండి. అడుగున ఆవగింజ కన్నా చిన్నవి రెండు బుడిపెలు కనిపిస్తాయి, కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకోవాలి. లాడిక్యూల్స్ అంటారు వాటిని. మందారానికి ఎర్రగా విప్పారే రేకులు వరిలో ఇలా కుదించుకుపోయాయి. అవి నీరు పీల్చి ఉబ్బి, పువ్వును మూసి ఉంచే రెండు చిప్పలనూ పక్కకు నెడతాయి. తలుపు తీసే కూలీలన్నమాట. వాటిపైన ఆరు కేసరాలు, నడుమ ఈకల్లాంటి రెండు కొసలున్న అండకోశం. గోధుమ పువ్వులో కేసరాలు మూడే.

ఆ రెండు చిప్పలే ఊక. 100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు అదే. మిర్యాలగూడ మిల్లుల బాయిలర్లలో మండేది ఒకప్పటి పువ్వు తొడుగు! ఆ తొడుగు సరిగ్గా తయారవడానికి ఓస్‌మ్యాడ్స్1 అనే జన్యువు పనిచేయాలి. అది చెడితే చిప్పలు పొడుగ్గా, మెత్తగా, ఆకుల్లా పెరుగుతాయి, గింజ కట్టడమే కష్టం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉషా విజయరాఘవన్ బృందం ఈ జన్యువు మీద ఏళ్ల తరబడి పనిచేసింది.

మ్యాడ్స్ అంటే ఏమిటి? నాలుగు జన్యువుల పేర్లలో మొదటి అక్షరాలు. ఎం అక్షరం ఈస్టుది, అంటే కల్లుకు నురగ కట్టించే జీవిది. ఎ ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కది, డి కుక్కమూతి పువ్వుది. ఎస్ మాత్రం మనిషిది. వరి వెన్నును మలిచే ఈ మ్యాడ్స్ జన్యువుల కుటుంబానికి మన ఒంట్లోనూ చుట్టాలున్నారు. వరిలో ఈ కుటుంబపు సభ్యులు 75 దాకా ఉన్నట్టు 2007లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కతేల్చారు.

పువ్వు కట్టే లెక్క మాత్రం చాలా సులువు. కోయెన్, మేయరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు 1991లో చెప్పారు. పువ్వును కట్టే జన్యువులు ఎ, బి, సి అని మూడు తరగతులు (మ్యాడ్స్ పేరులోని అక్షరాలు కావివి). ఎ ఒక్కటే పనిచేస్తే రక్షక పత్రం, ఎ-బి కలిస్తే రేకు, బి-సి కలిస్తే కేసరం, సి ఒక్కటే ఉంటే అండకోశం. ఇప్పుడు వరిలో బి తీసేయండి. కేసరాలుండాల్సిన చోట సి ఒక్కటే మిగిలి, అండకోశాలు పుడతాయి. మగభాగాలన్నీ ఆడవైపోయిన ఈ వరికి జపాన్ శాస్త్రవేత్తలు ‘సూపర్‌వుమన్’ అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో వాళ్లకు సరదా ఎక్కువే.

మొక్కజొన్నలోనూ ఇదే కథ. కంకి కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు చెందిన అండకోశపు తోక. బి జన్యువు చెడిన మొక్కజొన్నలో పైనున్న మగపూతలోంచి కూడా పీచు వస్తుంది. దాని పేరు ‘సిల్కీ’.

వరిలో ‘డ్రూపింగ్ లీఫ్’ అనే ఇంకో జన్యువుంది. మ్యాడ్స్ కాదు, యాబీ అనే వేరే కుటుంబం. దీనికి రెండు ఉద్యోగాలు: ఆకుకు నడి ఈనె నిలబెట్టడం, పువ్వులో అండకోశం కట్టడం. ఇది పోతే ఆకు వేలాడిపోతుంది, అండకోశం ఉండాల్సిన చోట కేసరాలు వస్తాయి.

ఇక, ఎప్పుడు పూయాలో చెప్పేది ఎవరు? పగటి పొడవును కొలిచేది ఆకు, పూత పుట్టేది మొవ్వలో. మధ్యన కబురు మోసే పదార్థం ఏదో ఉండాలని రష్యాలో చైలాఖ్యాన్ 1930ల్లోనే ఊహించి ‘ఫ్లోరిజెన్’ అన్నాడు. అదేమిటో వరిలో పట్టుకోవడానికి 2007 దాకా పట్టింది. హెచ్‌డి3ఎ అనే చిన్న ప్రోటీన్ ఆకులో పుట్టి మొవ్వకు నడిచి వెళుతుంది. రైతు కంటికి వెన్ను కనిపించేసరికి ఆ కబురు అంది దాదాపు నెల దాటిపోయి ఉంటుంది.

నడిగూడెం ఊసెత్తి కొమర్రాజు లక్ష్మణరావును తలవకపోతే ఎలా? నడిగూడెంలో ఉండే మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా పనిచేసిన ఆయన, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, సైన్సును తెలుగులో చెప్పే పుస్తకాలు వేయించారు. అప్పటికి జన్యువుకు తెలుగు మాట సంగతి సరే, ‘జీన్’ అన్న మాటే లోకంలో లేదు. యోహాన్సెన్ అనే శాస్త్రవేత్త దాన్ని పుట్టించింది 1909లో.