విశాఖ రేవులో దిగిన సరుకు నేపాల్ చేరేదాకా

సముద్రం లేని దేశానికి ఓడరేవు పొరుగుదేశంలోనే ఉంటుంది. నేపాల్‌కు చాలాకాలం ఆ రేవు కోల్‌కతా, దాని కింద ఉన్న హల్దియా. 2016లో రెండు ప్రభుత్వాలు లేఖలు మార్చుకున్నాక విశాఖపట్నం కూడా చేరింది. హౌరా–చెన్నై లైను పక్కన బరంపురం, ఛత్రపురం వైపు పెరిగిన మనవాళ్లకు గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టడం చిన్నప్పటి ఆట. ఆ డబ్బాల్లో ఏముందో, ఎవరి ఇంటికి పోతోందో ఎవరూ అడగరు. విశాఖలో దిగి హిమాలయాల వైపు వెళ్లే సరుకు విషయంలో మాత్రం ఆ ప్రశ్న అడగాలి. అది ఆలస్యమైతే ఖాట్మండూలో మందుల ధర, సిమెంటు ధర కదులుతాయి.

ఐక్యరాజ్యసమితి లెక్కలో తీరం లేని వర్ధమాన దేశాలు 32. ఇవన్నీ పక్క దేశం పట్టాల మీద, పక్క దేశం కస్టమ్స్ గేట్ల మీద ఆధారపడి బతుకుతాయి. యానాం పాఠకులకు ఇది చప్పున అర్థమవుతుంది. చుట్టూ వేరే రాష్ట్రం, ఊళ్లో రైలు స్టేషన్ లేదు. కాకపోతే యానాంకు కాకినాడ వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నేపాల్‌కు ప్రతి కంటైనర్‌కూ ఒక ఒప్పందం కావాలి.

ముందు దూరం సంగతి. కోల్‌కతా నుంచి నేపాల్ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్‌కు రైలు మార్గం దాదాపు 700 కిలోమీటర్లు. విశాఖ నుంచి దానికి రెట్టింపు, సుమారు 1,400. మరి అంత దూరం నుంచి ఎందుకు తెచ్చుకుంటారు? కోల్‌కతా నది మీది రేవు. ఓడ సముద్రం వదిలి హుగ్లీలో లోపలికి రావాలి, లోతు తక్కువ, ఆటుపోట్లు చూసుకోవాలి. పెద్ద ఓడలు అక్కడికి చేరలేవు కాబట్టి కొలంబోలోనో సింగపూర్‌లోనో సరుకు చిన్న ఓడలోకి మార్చాల్సి వస్తుంది. విశాఖది సహజంగానే లోతైన రేవు, పెద్ద ఓడ నేరుగా వస్తుంది. పట్టాల మీద పోయిన రోజులు సముద్రం మీద మిగలవచ్చు.

సరుకు రవాణాను పరిశోధించేవాళ్లు మ్యాపు మీద గీత కొలవరు. ఒక్కో కంటైనర్‌కు నాలుగు తేదీలు రాసుకుంటారు. ఓడ రేవుకు కట్టిన రోజు, కంటైనర్ రైలెక్కి రేవు వదిలిన రోజు, సరిహద్దు దాటిన రోజు, ఖాళీ కంటైనర్ తిరిగి అప్పగించిన రోజు. ఈ తేదీల మధ్య ఎడం చూస్తే సంగతి బయటపడుతుంది. బండి నడిచిన కాలం తక్కువ, నిలబడిన కాలం ఎక్కువ. రేకుకు సరిపడా కంటైనర్లు పోగయ్యేదాకా ఆగాలి, ప్రయాణికుల రైళ్లకు దారి ఇవ్వాలి, ముందున్న యార్డు ఖాళీ అవ్వాలి.

సగటు చూసి మోసపోకూడదు. ఉదాహరణకు ఒక దారిలో ప్రతిసారీ 14 రోజులు పడుతుందనుకుందాం. ఇంకో దారిలో ఒకసారి 8, ఒకసారి 20. సగటు రెంటికీ ఒకటే. కానీ రెండో దారి నమ్ముకున్న వ్యాపారి 20 రోజులకు సరిపడా సరుకు గోదాములో పెట్టుకోవాలి. ఆ సరుకులో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ, గడువు దాటిన కంటైనర్‌కు షిప్పింగ్ కంపెనీ వేసే అదనపు రుసుము, చివరికి అన్నీ కొనేవాడి బిల్లులోకే వస్తాయి.

ఇప్పుడు అసలు ఇరుకు దగ్గరికి వద్దాం. కోల్‌కతా బండి అయినా విశాఖ బండి అయినా చేరేది బీహార్‌లోని రక్సౌల్‌కే. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల పట్టా మీద సరిహద్దు దాటి బీర్‌గంజ్ శివారు సిర్సియాలో ఉన్న డ్రై పోర్టుకు వెళుతుంది. నీళ్లు లేని రేవు అన్నమాట. 2004 నుంచి అది నడుస్తోంది. ఆ యార్డు నిండిపోతే వెనక వచ్చే రేకు రక్సౌల్‌లోనో, ఇంకా వెనక స్టేషన్లలోనో నిలబడాలి.

ఈ తేడా 2015లో తెలిసొచ్చింది. ఏప్రిల్ 25న పెద్ద భూకంపం. సెప్టెంబర్ 20న కొత్త రాజ్యాంగం. దానికి వ్యతిరేకంగా తరాయి మైదానాల్లో ఆందోళన లేచి, రక్సౌల్–బీర్‌గంజ్ సరిహద్దు నెలల తరబడి మూతపడింది. భారత్ అప్రకటిత దిగ్బంధం విధించిందని నేపాల్ అంది, అడ్డంకి నేపాల్ వైపునే ఉందని భారత్ అంది. ఆ వాదన ఎలా ఉన్నా వంటింట్లో జరిగింది ఒకటే. గ్యాసు దొరకలేదు, దొరికినప్పుడు సగం నింపిన సిలిండర్లు పంచారు, జనం కట్టెల పొయ్యికి తిరిగారు. ఆ నెలల్లో కోల్‌కతా రేవులో కొరతేమీ లేదు. ఆగింది చివరి గుమ్మం దగ్గర.

2016 ఫిబ్రవరిలో సరిహద్దు తెరుచుకుంది, అదే నెలలో విశాఖ లేఖలు కుదిరాయి. రెండూ పక్కపక్కన చూసి విశాఖే దానికి మందు అనుకుంటే పొరపాటు. రెండో రేవు రక్షించేది రేవుకు వచ్చే కష్టం నుంచి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది, 2020 మే 20న అంఫాన్ కోల్‌కతా వైపు వచ్చింది. ఒకటి మూతపడ్డ రోజున ఇంకొకటి తెరిచి ఉంటుంది, మేలే. కానీ రెండు రేవుల బండ్లూ రక్సౌల్ గుండానే పోతుంటే, రక్సౌల్ ఆగిన రోజున రెండూ ఆగుతాయి.

ఇంకో ఇరుకు బండ్లు నడిపేవాళ్లది. 2021 జులై దాకా ఈ మార్గంలో కంటైనర్ రైళ్లు నడిపే హక్కు కాంకర్ ఒక్కదానికే ఉండేది. ఆ నెలలో ఒప్పందం సవరించాక ప్రైవేటు ఆపరేటర్లకూ వీలు కలిగింది. కంటైనర్‌కు ఎలక్ట్రానిక్ సీలు వేసి దారంతా గమనించే పద్ధతి వచ్చాక కాగితాల తిరుగుడూ తగ్గింది. తగ్గనిది మాత్రం ఖాళీ ప్రయాణం. నేపాల్ కొనేది ఎంతో ఎక్కువ, అమ్మేది చాలా తక్కువ. నిండుగా వెళ్లిన డబ్బాల్లో చాలా భాగం ఉత్తగానే తిరిగొస్తాయి. ఆ కిరాయి కూడా వెళ్లేటప్పటి సరుకే మోయాలి.

బీర్‌గంజ్ తర్వాత ఖాట్మండూకు రైలు లేదు, కొండదారిలో లారీలే. 2024 జులై 12న నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ రోడ్డు మీద కొండచరియ విరిగి రెండు బస్సులను త్రిశూలి నదిలోకి నెట్టేసింది. దశైం పండగ సరుకు కదిలేది కూడా సరిగ్గా ఆ వానల్లోనే. ఉత్తరాన చైనా దారి ఉంది కదా అంటారు. 2019 నాటి ప్రోటోకాల్‌లో నాలుగు చైనా రేవులున్నాయి. కానీ అవి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పైగా 2025 జులై 8న వరదలో రసువాగఢీ సరిహద్దు వంతెనే కొట్టుకుపోయింది.

కాబట్టి పరిశోధకులు లెక్కపెట్టాల్సింది గుమ్మాలను. ఈమధ్య కొన్ని పెరిగాయి. 2019 సెప్టెంబర్‌లో మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైప్‌లైన్ మొదలై, ఇంధనాన్ని రక్సౌల్ ట్యాంకర్ల బారు నుంచి తప్పించింది. 2023 జూన్‌లో బథ్నాహా నుంచి నేపాల్ కస్టమ్స్ యార్డుకు గూడ్సు లైను తెరిచారు, అది తూర్పున విరాట్‌నగర్ వైపు. 2025 నవంబర్‌లో రవాణా ఒప్పందం ప్రోటోకాల్‌ను సవరించి జోగ్‌బని–విరాట్‌నగర్ మధ్య రైలు సరుకుకు వీలు కల్పించారు, కోల్‌కతా–జోగ్‌బని, కోల్‌కతా–నౌతన్వా, విశాఖ–నౌతన్వా మార్గాలనూ చేర్చారు.

నౌతన్వా ఉత్తరప్రదేశ్‌లో ఉంది, అవతల భైరహవా. విశాఖలో దిగిన సరుకుకు రక్సౌల్‌తో పని లేని దారి ఇది. పట్టా నౌతన్వాతో ఆగిపోతుంది, అక్కడి నుంచి మళ్లీ లారీ ఎక్కించాలి, సునౌలీ గేటు దాటాలి. రైలు దింపడానికి చోటు, లారీలు, కస్టమ్స్ సిబ్బంది అక్కడ ఎంతమేరకు సిద్ధమైతే ఆ దారి అంతమేరకే పనికొస్తుంది.